పూల్ 1.6 టీబీ, వీఎంలకు పంచింది 2.5 టీబీ. ప్రాక్స్‌మాక్స్‌లో ఇలా వదిలేయొచ్చా?

గవర్నర్‌పేట_ఐటీ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఐటీ పని నేనొక్కడినే చూస్తాను. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నేనే, సర్వర్ ఆగినా నేనే. ఇంతకుముందు మాకు ఈఎస్ఎక్స్ఐ (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు, నడిపే సాఫ్ట్‌వేర్) ఉచిత వెర్షన్ ఉండేది. 2024 ఫిబ్రవరిలో దాన్ని ఆపేశారు కదా, ఆ తర్వాత సర్వర్ అమ్మిన వెండరే అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్ 8 వేసి, వీఎంలన్నీ అందులోకి మార్చి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

సర్వర్‌లో 64 జీబీ ర్యామ్, 1.92 టీబీ ఎస్ఎస్‌డీలు రెండు. హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు మీద రెయిడ్ 1 (రెండింటిలోనూ ఒకే డేటా) చేసి ఉన్నాయి. ఇన్‌స్టాలర్ డీఫాల్ట్‌గా చేసిన ఎల్‌వీఎం (లైనక్స్‌లో డిస్క్‌ను పంచే పద్ధతి) విభజనే ఉంది: రూట్‌కి 96 జీబీ (ప్రాక్స్‌మాక్స్ సొంతానికి), మిగతాది దాదాపు అంతా థిన్ పూల్, అంటే వీఎంలు రాసినకొద్దీ బ్లాకులు తీసుకునే ఉమ్మడి స్థలం. ఎల్‌వీఎస్ కమాండ్ కొడితే పూల్ 1636 జీబీ అని వస్తోంది. బ్యాకప్‌కి 4 టీబీ యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ ఒకటి తగిలించి ఉంది.

వీఎంలకు ఇచ్చిన సైజు, పక్కన డేటా శాతం:

ట్యాలీ, ఫైల్ షేర్ ఉన్న విండోస్ సర్వర్ 2019: 1000 జీబీ, 56 శాతం
క్లయింట్ల పత్రాలు దాచే ఉబుంటు: 600 జీబీ, 25 శాతం
సీసీ కెమెరాల రికార్డింగ్, విండోస్ 10: 500 జీబీ, 86 శాతం
బయోమెట్రిక్ హాజరు, విండోస్ 10: 200 జీబీ, 30 శాతం
టెస్టింగ్ అని పేరున్న విండోస్, ఎవరూ వాడరు: 200 జీబీ, 40 శాతం

మొత్తం 2500 జీబీ. పూల్ మాత్రం 81 శాతం నిండింది, మెటాడేటా 3 శాతం లోపే ఉంది. నాకు అర్థం కానిది ఇంకొకటి: విండోస్ సర్వర్‌లోకి వెళ్లి చూస్తే సీ డ్రైవ్‌లో వాడింది 340 జీబీయే. మరి బయట 560 ఎందుకు చూపిస్తోంది?

ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులకు సెప్టెంబర్ 30 గడువు దగ్గర పడుతోంది. కొత్తగా ఆర్టికల్స్‌కి (సీఏ శిక్షణకి) చేరిన పిల్లలకి రిమోట్ డెస్క్‌టాప్ కోసం ఇంకో విండోస్ వీఎం పెట్టమని, 300 జీబీ ఇవ్వమని సార్ అంటున్నారు. పెట్టబోతే థిన్ వాల్యూమ్‌ల (అంటే వీఎం డిస్కుల) మొత్తం పూల్ సైజు దాటిందని, పూల్ నిండిపోకుండా రక్షణ పెట్టుకోలేదని పసుపు రంగులో వార్నింగ్ వచ్చింది. భయమేసి క్యాన్సిల్ చేశాను. పూల్ నిజంగా నిండితే ఏమవుతుంది? సురక్షితంగా ఎవరికి ఎంత ఇవ్వాలి?

---

ఎన్‌వోసీ_నైట్‌షిఫ్ట్

బ్రో, ఇంత టెన్షన్ అక్కర్లేదు. థిన్ ప్రొవిజనింగ్ ఉన్నదే ఇందుకు. నేను పనిచేసే డేటాసెంటర్‌లో ఉన్నదానికి మూడు రెట్లు పంచుతాం. ఇచ్చిందంతా ఎవరూ వాడరు. 81 శాతం అంటే ఇంకా 300 జీబీ పైనే ఖాళీ ఉన్నట్టు. ఆ వార్నింగ్ ప్రతిసారీ వస్తుంది, పట్టించుకోకండి. వీఎం పెట్టేయండి, 90 దాటాక చూసుకోవచ్చు.

---

పాతసర్వర్_గుంటూరు

గవర్నర్‌పేట గారూ, క్యాన్సిల్ చేసి మంచి పని చేశారు. కొత్త వీఎం ఇవాళ మాత్రం పెట్టకండి.

పైన నైట్‌షిఫ్ట్ గారు చెప్పింది ఆయన ఉన్నచోట నిజమే. అక్కడ 24 గంటలూ స్క్రీన్ ముందు మనిషి ఉంటాడు, పూల్ 75 దాటితే ఫోన్ మోగుతుంది, స్టోర్‌లో కొత్త డిస్కులు సిద్ధంగా ఉంటాయి. మీ దగ్గర శనివారం సాయంత్రం తాళం వేస్తే సోమవారం పొద్దున్న దాకా సర్వర్ గదిలోకి ఎవరూ రారు. రెండు చోట్లా ఒకే సాఫ్ట్‌వేర్ ఉన్నంత మాత్రాన ఒకే నిష్పత్తి పెట్టుకోలేం. నేను గుంటూరు, తెనాలి వైపు ఆసుపత్రులకీ కోల్డ్ స్టోరేజీలకీ సర్వర్లు చూస్తుంటాను. ఒక్క మనిషి చూసుకునే చోట నేను పాటించేది ఒకటే: టెక్నాలజీ థిన్ వాడతాను, పంపకం మాత్రం థిక్ అనుకునే చేస్తాను. అంటే ఇచ్చిన సైజులన్నీ కలిపినా పూల్ దాటకూడదు. థిన్ వల్ల వచ్చే స్నాప్‌షాట్ (డిస్క్ ఆ క్షణంలో ఎలా ఉందో పట్టి ఉంచడం), వేగంగా క్లోన్ చేయడం, వాడిన మేరకే బ్లాకులు తీసుకోవడం, ఇవన్నీ అప్పుడూ ఉంటాయి. లేని స్థలాన్ని పంచడం ఒక్కటే మానుకుంటాం. ఇప్పుడు మీ పూల్ ఒకే ప్లాటుకు ఇద్దరు ముగ్గురికి అగ్రిమెంట్ రాసినట్టు ఉంది. అందరూ ఒకేసారి ఇల్లు కట్టడానికి రానంత వరకే శాంతి.

నిండితే ఏమవుతుందని అడిగారు. వీఎం రాసే డేటాకి కొత్త బ్లాకు కావలసి వచ్చి, పూల్‌లో అది లేకపోతే, కెర్నల్ వెంటనే ఎర్రర్ ఇవ్వదు. ఈలోగా ఎవరైనా పూల్ పెంచుతారేమోనని డీఫాల్ట్‌గా 60 సెకన్లు ఆ రాతను ఆపి ఉంచుతుంది. ఎవరూ పెంచకపోతే స్థలం లేదని తిప్పి పంపుతుంది. అప్పుడు ప్రాక్స్‌మాక్స్ ఆ వీఎంను ఉన్నచోటే నిలిపేస్తుంది. పేరు పక్కన పసుపు త్రిభుజం వస్తుంది, స్టేటస్‌లో ఐఓ-ఎర్రర్ అని ఉంటుంది. వీఎంల విషయంలో ఇదే మనకున్న పెద్ద అదృష్టం. ఆగింది కాబట్టి డేటా చాలావరకు పాడవదు, స్థలం చూపించి రెజ్యూమ్ నొక్కితే కదులుతుంది. కంటైనర్లకు (వీఎంల లాంటివే, కానీ సర్వర్ కెర్నల్‌నే పంచుకుంటాయి) ఈ ఆగే సౌకర్యం లేదు. వాటికి నేరుగా ఎర్రర్ తగులుతుంది, లోపలి ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీకి వెళ్లిపోతుంది. మీకు కంటైనర్లు లేవు, మంచిది.

గమనించాల్సింది ఇంకొకటి ఉంది. పూల్‌ను నింపిన వీఎం, ఆగిపోయే వీఎం ఒకటే కానక్కర్లేదు. రాత్రంతా రికార్డు చేసి స్థలం తినేది కెమెరాల వీఎం. పొద్దున్నే ఎంట్రీ కొడుతుంటే నిలిచిపోయేది ట్యాలీ. ఇంకా వింతగా, కెమెరాల సాఫ్ట్‌వేర్ పాత రికార్డింగ్ మీదే తిరగరాస్తుంటే దానికి కొత్త బ్లాకులు అక్కర్లేదు. అది హాయిగా నడుస్తూనే ఉంటుంది.

మెటాడేటా నిండడం ఇంతకంటే ఘోరం. ఏ బ్లాకు ఎవరిదో రాసుకునే పద్దు అది. అది నిండితే పూల్ మొత్తాన్ని ఆపి రిపేర్ చేసుకోవాలి. మీకు 3 శాతం లోపే ఉంది కాబట్టి ఇప్పుడు భయం లేదు. కానీ చూసినప్పుడల్లా రెండు అంకెలూ చూడండి.

ఇక మీ లెక్కలోకి వద్దాం. మీరు అంకెలన్నీ సరిగ్గా ఇచ్చారు, చాలామంది ఇవ్వరు. 560, 150, 430, 60, 80 కలిపితే 1280. పూల్‌లో 81 శాతం అంటే 1325. 45 జీబీ తేడా వస్తోంది. ఎక్కడో ఒక స్నాప్‌షాట్ ఉండి ఉంటుంది. ప్రతి వీఎంకీ స్నాప్‌షాట్స్ ట్యాబ్ తెరిచి చూడండి. వెండర్ ఏదో అప్‌డేట్‌కు ముందు తీసి మర్చిపోయి ఉంటాడు. స్నాప్‌షాట్ తీసిన క్షణంలో ఏమీ తినదు. ఆ తర్వాత అసలు డిస్క్‌లో మార్పు జరిగిన ప్రతిచోటా పాత బ్లాకును పట్టుకుని కూర్చుంటుంది. ఆ పాత బ్లాకులు వీఎం డిస్క్ శాతంలో కనిపించవు, పూల్‌లోనే కనిపిస్తాయి.

విండోస్ లోపల 340, బయట 560 అన్నది వేరే కథ. లోపల ఫైల్ డిలీట్ చేస్తే విండోస్ తన పద్దులో కొట్టేసుకుంటుంది, కింద ఉన్న పూల్‌కి ఆ సంగతి తెలియదు. తెలియాలంటే వీఎం హార్డ్‌వేర్ పేజీలో ఆ డిస్క్‌కి డిస్కార్డ్ అనే టిక్ ఉండాలి. ఈఎస్ఎక్స్ఐ నుంచి మార్చినప్పుడు ఆ టిక్ పెట్టి ఉండరు. డిస్క్ వర్టియో స్కజీ కంట్రోలర్ మీద ఉందో లేదో కూడా చూసుకోండి. టిక్ పెట్టాక విండోస్‌లో డ్రైవ్స్ ఆప్టిమైజ్ చేసే టూల్ తెరిస్తే, ఆ డ్రైవ్ థిన్ ప్రొవిజన్డ్ అని కనిపించాలి. ఆప్టిమైజ్ నొక్కండి, ఖాళీ బ్లాకులన్నీ పూల్‌కి తిరిగొస్తాయి. ఉబుంటులో అయితే ఎఫ్ఎస్‌ట్రిమ్ కమాండ్. అక్కడ వారానికోసారి దానంతట అదే నడిచే టైమర్ కూడా ఉంటుంది.

వరస తప్పకండి. ముందు బ్యాకప్, అదీ ఒకసారి వేరే వీఎం నంబరుతో రీస్టోర్ చేసి తెరిచి చూసినది. హాజరు వీఎం చిన్నది కాబట్టి దాంతో పరీక్షించండి, పూల్‌లో దానికి చోటుంది. చూశాక ఆ కాపీ తీసేయండి. తర్వాత స్నాప్‌షాట్ తీసేయడం. ఆ తర్వాతే ట్రిమ్, అంటే పైన చెప్పిన ఆప్టిమైజ్, ఎఫ్ఎస్‌ట్రిమ్. స్నాప్‌షాట్ ఉండగా ట్రిమ్ కొడితే వీఎం వదిలిన బ్లాకుల్ని స్నాప్‌షాట్ పట్టుకుంటుంది, పూల్‌కి పెద్దగా ఏమీ రాదు. పని చేయలేదని మీరు అనుకుంటారు.

టెస్టింగ్ వీఎం గురించి సార్‌ని ఒక మాట అడిగి, దానికీ ఒక బ్యాకప్ తీసి, తీసేయండి. ఎవరూ వాడని వీఎంలు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి. తీయమని చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండదు.

కెమెరాల వీఎంను ఎస్ఎస్‌డీ పూల్ నుంచి బయటికి పంపడం అన్నిటికంటే ముఖ్యం. మిగతా వీఎంలు ఇచ్చిందంతా వాడవు అనే ఊహ దీనికి వర్తించదు. రికార్డర్ పనే ఇచ్చిన చోటు నింపి, పాతది చెరిపి, మళ్లీ నింపడం. అది ఎప్పటికైనా 100 శాతానికే వెళ్తుంది. మీకెన్ని కెమెరాలో చెప్పలేదు. నాలుగే అనుకుందాం, ఒక్కోటి 2 ఎంబీపీఎస్ అనుకుందాం. నిరంతరం రికార్డు చేస్తే ఒక్క కెమెరాకి రోజుకు 21.6 జీబీ, నాలుగింటికీ కలిపి 86 జీబీ పైనే. ఇప్పుడు కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టి ఉండొచ్చు, అందుకే నెమ్మదిగా నిండుతోంది. ఎవరైనా ఆ సెట్టింగ్ మారిస్తే దానికి మిగిలిన 70 జీబీ ఒక్క రోజుకి చాలదు. సర్వర్‌లో ఖాళీ బే ఉంటే నిఘా కెమెరాల కోసం అమ్మే హార్డ్‌డిస్క్ ఒకటి కొని, దాన్ని వేరే స్టోరేజీగా కలిపి, రికార్డింగ్ డిస్క్ మొత్తం అక్కడికి మూవ్ చేయండి. పగలూ రాత్రీ ఆగకుండా రాసే ఆ భారం ఎస్ఎస్‌డీల ఆయుష్షును కూడా తింటుంది.

అప్పుడు పంపకం ఇలా వస్తుంది. ట్యాలీ 1000, ఉబుంటు 600, హాజరు 200, మొత్తం 1800. పూల్ 1636. ఇంకా ఎక్కువే. విండోస్ డిస్క్‌ను తగ్గిద్దామని మీకు అనిపిస్తుంది, దాని జోలికి వెళ్లకండి. ప్రాక్స్‌మాక్స్ పేజీలో పెంచడమే ఉంటుంది, తగ్గించడం ఉండదు. కమాండ్‌తో వాల్యూమ్ తగ్గించే దారులు ఉన్నాయి. లోపలి పార్టిషన్ కంటే ఒక్క బ్లాకు ఎక్కువ కోసినా ఫైల్ సిస్టమ్ పోతుంది. ట్యాలీ డేటా మీద ఆ ప్రయోగం వద్దు. తగ్గించాల్సింది ఉబుంటుని. లోపల ఉన్నది 150 జీబీ పత్రాలే. ఒక ఆదివారం 300 జీబీతో కొత్త ఉబుంటు వేసి, ఆర్‌సింక్‌తో పత్రాలు దించుకుని, కొన్ని రోజులు పాతదాన్ని ఆపి ఉంచి, తర్వాత తీసేయండి. అప్పుడు 1000, 300, 200. మొత్తం 1500.

మిగిలేది 136. కొత్త పిల్లల వీఎంకు 300 ఎందుకు? పిల్లలు వాడే ఫైళ్లన్నీ షేర్‌లోనే ఉంటాయి కదా. విండోస్, ఆఫీస్, ట్యాలీ క్లయింట్‌కి 80 జీబీ చాలు. చాలకపోతే పెంచడం అయిదు నిమిషాల పని. 1580 అవుతుంది, మిగతా 56 జీబీ స్నాప్‌షాట్లకు వదిలేయండి. స్నాప్‌షాట్ కూడా స్థలం అడిగేదే, దాన్నీ లెక్కలో పెట్టుకోవాలి. మొదట్లో తక్కువ ఇచ్చి తర్వాత పెంచితే నష్టం లేదు. ఎక్కువ ఇచ్చాక వెనక్కి తీసుకోవడమే నరకం. పెంచేటప్పుడు ఒక జాగ్రత్త: రీసైజ్ పెట్టెలో అడిగేది ఎంత కలపాలి అని, మొత్తం ఎంత కావాలి అని కాదు. 80ని 100 చేద్దామని 100 కొడితే 180 అవుతుంది, వెనక్కి రాదు.

ఆ వార్నింగ్‌లో చెప్పిన రక్షణ గురించి. నెట్‌లో వెతికితే ఎల్‌వీఎం కాన్ఫిగ్ ఫైల్‌లో ఆటోఎక్స్‌టెండ్ థ్రెషోల్డ్ 80 పెట్టమని చెబుతారు. డీఫాల్ట్ 100, అంటే ఆ సౌకర్యం ఆపి ఉన్నట్టు. 80 పెడితే రక్షణ లేదన్న వార్నింగ్ పోతుంది, మనసు కుదుటపడుతుంది, ప్రయోజనం మాత్రం సున్నా. ఎందుకంటే 80 దాటగానే అది పూల్‌ను 20 శాతం పెంచబోతుంది, అంటే 327 జీబీ. మీ వాల్యూమ్ గ్రూప్‌లో, అంటే ఎల్‌వీఎం చేతిలో ఉన్న మొత్తం స్థలంలో, పూల్ బయట మిగిలి ఉన్నది ఇన్‌స్టాలర్ వదిలిన 16 జీబీయే. లేనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ 16 జీబీని మామూలు రోజుల్లో ముట్టుకోకండి. పూల్ నిండి వీఎంలు ఆగిన రోజున ఎల్‌వీఎక్స్‌టెండ్‌తో అందులోంచి ఒక 8 జీబీ పూల్‌కి కలిపి, వెంటనే ఏదో ఒకటి ఖాళీ చేసి, రెజ్యూమ్ కొట్టడానికి అది పనికొస్తుంది. ఆరోజు కంగారుపడి హోస్ట్‌ను రీస్టార్ట్ చేయకండి. ఆగి ఉన్న వీఎం మెమరీలో డిస్క్‌కి చేరని రాతలుంటాయి, రీస్టార్ట్ చేస్తే పోయేవి అవే.

అసలైన రక్షణ కబురు అందడమే. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ ఫెయిలైతే మెయిల్ పంపుతుంది గానీ, పూల్ నిండుతోందని దానంతట అది చెప్పదు. పావుగంటకోసారి ఎల్‌వీఎస్ నడిపి, డేటా గానీ మెటాడేటా గానీ 70 దాటితే టెలిగ్రామ్‌కి మెసేజ్ పంపే చిన్న స్క్రిప్ట్ క్రాన్ అనే టైమర్‌లో పెట్టుకోండి. పది లైన్లు కూడా ఉండదు. 90 దాటాక అంటే చాలా ఆలస్యం. మీ పూల్‌లో 90కి మిగిలేది 160 జీబీ, ఫైల్ షేర్‌లోకి ఎవరైనా పెద్ద బ్యాకప్ కాపీ చేస్తే మధ్యాహ్నం భోజనానికి వెళ్లొచ్చేలోగా అయిపోతుంది.

ఒక చిన్న మాట. వెబ్ పేజీలో పూల్ సైజు 1.76 టీబీ అని కనిపించి ఉంటుంది. అక్కడ వెయ్యి చొప్పున లెక్క, ఎల్‌వీఎస్‌లో 1024 చొప్పున. వీఎం డిస్క్ సైజులు కూడా 1024 లెక్కే. కాబట్టి పంపకం రాసుకునేటప్పుడు 1636 అంకెనే పట్టుకోండి.

---

డీబీఏ_కూకట్‌పల్లి

గుంటూరు సార్ చెప్పినదంతా సరే. ఆయన బ్యాకప్ తీయమన్నారు గానీ, అది ఎక్కడికి వెళ్తోందో అడగలేదు. నాకు అక్కడే అనుమానం.

యూఎస్‌బీ డిస్క్‌ను డైరెక్టరీ స్టోరేజీగా కలిపారు అనుకుంటా. ఏదో ఒక రోజు ఆ కేబుల్ వదులై, సర్వర్ రీస్టార్ట్ అయ్యాక డిస్క్ మౌంట్ కాకపోతే, అంటే దాని ఫోల్డర్‌కి కలవకపోతే, ఏం జరుగుతుందో తెలుసా? ఆ ఫోల్డర్ రూట్‌లో అలాగే ఉంటుంది, ఖాళీగా. ప్రాక్స్‌మాక్స్‌కి తేడా తెలియక బ్యాకప్‌ను అందులోనే రాస్తుంది, అంటే మీ 96 జీబీ రూట్‌లో. ట్యాలీ వీఎం ఒక్క బ్యాకప్‌తోనే రూట్ నిండుతుంది. రూట్ నిండితే వీఎంల సెట్టింగులు దాచే డేటాబేస్ కూడా రాయలేదు, వెబ్ పేజీలోకి లాగిన్ కూడా అవలేరు. పూల్‌లో బోలెడు చోటు ఉండి కూడా చేతులు కట్టేసినట్టే. దీనికి మందు చిన్నదే. స్టోరేజ్ కాన్ఫిగ్‌లో ఆ డైరెక్టరీకి ఈజ్-మౌంట్‌పాయింట్ అనే ఆప్షన్ ఉంది, దాన్ని ఎస్ అని పెట్టండి. అప్పుడు డిస్క్ లేకపోతే బ్యాకప్ ఫెయిల్ అవుతుంది, మీకు మెయిల్ వస్తుంది. అలాగే రిటెన్షన్‌లో ఎన్ని కాపీలు ఉంచాలో అంకె వేయండి. ఖాళీగా వదిలేస్తే అన్నీ ఉంచుతుంది.

ఆ యూఎస్‌బీ డిస్క్ సర్వర్ పక్కనే కదా ఉంది. గడువు నెలలో ఇంకో డిస్క్ కొని, వారం మార్చి వారం ఒకటి సార్ ఇంటికి పంపించండి. రెయిడ్ 1 బ్యాకప్ కాదు. ఫైల్ పొరపాటున డిలీట్ అయితే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి డిలీట్ అవుతుంది.

డేటాబేస్ మనిషిని కాబట్టి ఇంకోటి చెప్పకుండా ఉండలేను. ట్యాలీ డేటా సీ డ్రైవ్‌లోనే ఉన్నట్టుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక డిస్క్, డేటా ఇంకో డిస్క్ ఉంటే పెంచడం, మార్చడం, విడిగా బ్యాకప్ తీయడం అన్నీ తేలిక. ఇప్పుడు కదపకండి. సెప్టెంబర్ అయ్యాక, ఆ 1000 జీబీ సమస్యకి అసలు పరిష్కారం అదే. 120 జీబీతో కొత్త విండోస్ సర్వర్, డేటాకి 450తో రెండో డిస్క్. కొత్తది నడిచాక పాత వెయ్యి మొత్తం వెనక్కి వస్తుంది.

ఆ హార్డ్‌వేర్ పేజీలో ఉన్నప్పుడే క్యాష్ అనే గడి కూడా చూడండి. డీఫాల్ట్ నో క్యాష్, అది చాలు. స్పీడ్ కోసం రైట్‌బ్యాక్ అన్‌సేఫ్ పెట్టే వెండర్లు ఉన్నారు. ఆ మోడ్‌లో వీఎం, డేటా డిస్క్‌కి చేర్చు అని అడిగినా హోస్ట్ పట్టించుకోదు. యూపీఎస్ బ్యాటరీ అయిపోయిన రోజున ఏం మిగులుతుందో చెప్పలేం.

---

ఎన్‌వోసీ_నైట్‌షిఫ్ట్

ఒక్కడే చూసుకునే ఆఫీసు అన్న సంగతి నేను పట్టించుకోలేదు. అలాంటి చోట గుంటూరు గారి పద్ధతే మేలు. అయితే ఎస్ఎస్‌డీలను నేరుగా జెడ్ఎఫ్ఎస్ (రెయిడ్‌నీ, ఫైల్ సిస్టమ్‌నీ తానే చూసుకునే పద్ధతి) మీద పెట్టుకుంటే ఈ మెటాడేటా గొడవ ఉండదు కదా?

---

పాతసర్వర్_గుంటూరు

వారి దగ్గర హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు ఉందండీ. దాని మీద జెడ్ఎఫ్ఎస్ వేయకూడదు, డిస్కులు నేరుగా కనిపించాలి. కార్డును మార్చి, సర్వర్ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. పైగా అక్కడా థిన్ అని టిక్ పెడితే ఇదే కథ. టిక్ పెట్టకపోతే ప్రతి డిస్క్‌కి పూర్తి స్థలం ముందే రిజర్వ్ అవుతుంది, అది నాకు నచ్చుతుంది. కానీ అలాంటి డిస్క్‌కి స్నాప్‌షాట్ తీసేటప్పుడు అప్పటికే వాడినంత చోటు మళ్లీ అడుగుతుంది. సగం ఖాళీ ఉండి కూడా స్నాప్‌షాట్‌కి స్థలం లేదంటుంటే జనం తల పట్టుకుంటారు. 80 శాతం దాటించకూడదన్న నియమం అక్కడా ఉంది. కొత్త సర్వర్ కొనేటప్పుడు ఆలోచించాల్సిన విషయం, ఈ నెలలో కాదు.

---

గవర్నర్‌పేట_ఐటీ

అందరికీ చాలా థ్యాంక్స్. ఎంతవరకు వచ్చిందో చెబుతాను.

స్నాప్‌షాట్ ఉంది సార్! విండోస్ సర్వర్ మీదే, అప్‌డేట్‌కు ముందు అనే పేరుతో. ముందు బ్యాకప్ తీసి, హాజరు వీఎంను వేరే నంబరుతో రీస్టోర్ చేసి తెరిచి చూసి, ఆ కాపీ తీసేశాను. తర్వాత స్నాప్‌షాట్ తీసేస్తే పూల్ 1325 నుంచి 1280కి వచ్చింది. టెస్టింగ్ వీఎం ఏమిటో సార్‌కి కూడా గుర్తులేదు, తీసేయమన్నారు. డిస్కార్డ్ టిక్ పెట్టి విండోస్‌లో ఆప్టిమైజ్ కొడితే ఆ డిస్క్ 56 నుంచి 36 శాతానికి దిగింది. ఇప్పుడు పూల్ 61 శాతం.

కూకట్‌పల్లి మేడమ్, మీ అనుమానం నిజమే. మౌంట్‌పాయింట్ ఆప్షన్ లేదు, ఇప్పుడు పెట్టాను. కేబుల్ పీకి చూశాను, బ్యాకప్ వెంటనే ఫెయిలై మెయిల్ వచ్చింది. క్యాష్ గడిలో డీఫాల్టే ఉంది. కెమెరాలు నాలుగే, హార్డ్‌డిస్క్‌కి కొటేషన్ అడిగాను.

కొత్త వీఎం విషయం సార్‌కి చెబితే, 300 అడిగింది తక్కువైతే మళ్లీ నన్ను ఇబ్బంది పెట్టకూడదనేనట. 80తో మొదలుపెడదాం అన్నారు. అయితే ఉబుంటు డిస్క్‌ను 300కి మార్చి, కెమెరాలది బయటికి పంపాకే పెడతాను.

ఒక్క సందేహం. ఉబుంటు డిస్క్‌కి కూడా డిస్కార్డ్ టిక్ పెట్టి, లోపల రీబూట్ కొట్టి ఎఫ్ఎస్‌ట్రిమ్ నడిపాను. ఈ పని ఈ డిస్క్‌కి సపోర్ట్ లేదని వస్తోంది. విండోస్‌కి పనిచేసి దీనికెందుకు చేయదు? కంట్రోలర్ రెండింటికీ వర్టియో స్కజీయే.

---

పాతసర్వర్_గుంటూరు

హార్డ్‌వేర్ పేజీలో ఉబుంటు డిస్క్ వరసలో రంగు మారి రెండో లైను ఒకటి కనిపిస్తోందా? మార్పు ఇంకా అమల్లోకి రాలేదని దాని అర్థం. వీఎం లోపల నుంచి రీబూట్ చేస్తే బయట ఉన్న ప్రాసెస్ పాతదే నడుస్తుంటుంది, కొత్త సెట్టింగ్ దానికి అందదు. విండోస్‌ను మీరు బ్యాకప్ ముందో తర్వాతో పూర్తిగా షట్‌డౌన్ చేసి ఉంటారు. ఉబుంటుని ప్రాక్స్‌మాక్స్ పేజీ నుంచి షట్‌డౌన్ చేసి, ఆగిందని చూసుకుని, మళ్లీ స్టార్ట్ కొట్టి ట్రిమ్ నడపండి. 600లో 150యే నిండి ఉంది కాబట్టి పెద్దగా ఏమీ తిరిగి రాకపోవచ్చు. ఎలాగూ 300తో కొత్తది వేస్తున్నారు, టిక్ అందులో మొదటే పెట్టుకోండి.